ఉప్పు కార్చే పొదకు తప్పిన శాపం

పూర్వం కృతయుగాంతంలో, మేఘుడు దారి తప్పితే తప్ప తొంగిచూడని ఒక మరుభూమిలో ఔర్మిళుడనే మహర్షి ఆశ్రమం కట్టుకొని ఉండేవాడు. గంగాతీరపు అడవిలో పెరిగిన ఆ తపోధనుడు, కష్టమైన చోటే తపస్సు చేయాలన్న పంతంతో ఇక్కడికి వచ్చి, నాలుకకు ఉప్పు తగలనీయని అలవణవ్రతాన్ని పట్టి, ఏటా చామలు పండించి తొలిపంటను సోమదేవునికి హవిస్సుగా అర్పించేవాడు. అటువంటిది వరుసగా రెండేళ్లు పంట తప్పింది. మూడో ఏడూ హవిస్సు లేకపోతే ఆయన అగ్నిహోత్రం ఆరిపోవడం ఖాయం.

మడికి నీడ కోసం చుట్టూ ఝావుకమనే పొదలను ఆయనే నాటుకున్నాడు. అవి పచ్చగా ఎదిగాయి. రాలిన ఆకు వృథా కారాదని, గంగాతీరంలో చేసినట్టే, ప్రతి ఉదయం వాటి ఆకునంతా భక్తితో ఊడ్చి మడిలో ఎరువుగా పరిచేవాడు. మహర్షులకు వేదం మీద ఎంత నమ్మకమో తమ అలవాట్ల మీదా అంతే నమ్మకం.

మూడో ఏడు విత్తిన చామలు కూడా మొలకెత్తి, పసుపుబారి, తల వాల్చాయి. ఔర్మిళునికి కోపం వచ్చింది.

"నా బిడ్డల్లాంటి మొలకలను మింగి బలిసిన ఝావుకమా, నీ వంశం సమూలంగా..." అంటూ ఆయన కమండలూదకం చేతిలోకి తీసుకోగానే, ఒళ్లంతా తెల్లని పొడి మెరుస్తుండగా ఆ పొదకు అధిదేవత అయిన ఇరిణి ఎదుట నిలిచింది.

"మహాత్మా, శపించేముందు నా ఆకు ఒకటి నోట వేసుకోండి. అటుపై తమ చిత్తం" అన్నది.

చేతిలో శాపజలం, ఎదుట ఆకు. రుచి చూడకుండా శపిస్తే అధర్మమేమో, చూస్తే వ్రతభంగమేమో. చాలాసేపు తటపటాయించి, చివరకు ఆయన ఆకును నమిలాడు. ఉప్పు.

"నేల అడుగున ఉన్న ఉప్పును నా వేళ్లు తాగుతాయి, దాచుకోలేక ఆకులు కారుస్తాయి. నా నీడలో ఉప్పుకు ఓర్చే గడ్డి తప్ప మరేదీ బతకదు, ఆ దోషం నాదే. కాని స్వామీ, నడిమడిలోకి నేను నడిచి రాలేదు."

ఔర్మిళుడు సిగ్గుతో తల దించుకున్నాడు. తన మడికి తానే ఉప్పు చల్లుకున్నాడు. ఎత్తిన నీరు కమండలంలోకి తిరిగి పోరాదు గనుక, దానిని ఒక వాడిన మొలక మొదట్లో పోసి, "తప్పు నాదమ్మా" అన్నాడు.

కోపం నీరైన ఆ చోట జలాధిపతి వరుణుడు ప్రత్యక్షమయ్యాడు. "మునీంద్రా, ఇక్కడ ఒకప్పుడు నా సముద్రం ఉండేది. నేను వదిలివెళ్లిన ఉప్పునే ఈమె మోస్తున్నది. దానిని పూర్తిగా తీసేయమందువా?"

"వద్దు ప్రభూ, ఆమె బ్రతుకు ఆమెది. మడిలో నేను చేర్చిన ఉప్పు లోతుకు దిగేలా ఒక మంచి వాన కురిపించండి, చాలు."

వరుణుడు తథాస్తు అన్నాడు. వాన కురిసింది. ఔర్మిళుడు పరచిన ఆకునంతా దూరంగా మోసి పారబోసి, పొదల నీడ అందని చోట మళ్లీ విత్తాడు. పండినవి కొన్ని గుప్పిళ్లే, అయినా సోమునికి హవిస్సు అందింది, అగ్ని నిలిచింది.

ఆనాటినుంచి ఆ మహర్షి ఏటా విత్తేరోజున ఒక్క పూట వ్రతం సడలించుకొని, చిటికెడు మట్టి నాలుకపై వేసుకొని చూసి, ఆ తరువాతే మంత్రం మొదలుపెట్టేవాడు.