ఆకు అంచున పల్లీలు

నాలుగో శనివారం కూడా పైడిరాజు వంట క్లాసుకి ఒక్కడే వచ్చాడు.

అది మొగుడూ పెళ్లాలు కలిసి నేర్చుకునే క్లాసు. విశాఖపట్నంలో ఒక కళ్యాణమండపం మేడ మీద, ప్రతి శనివారం సాయంత్రం జరుగుతుంది. పది గ్యాసు పొయ్యిలు, పొయ్యికి ఇద్దరు. ఒకళ్ల ముక్కుకంటిన పిండి ఇంకొకళ్లు తుడుస్తూ, కసురుకుంటూ, నవ్వుకుంటూ వండుతారు. ఏడో నంబరు పొయ్యి పైడిరాజుది. అక్కడా రెండు చాకులు పెట్టారు, రెండు ఏప్రన్లు పెట్టారు. రెండో ఏప్రను మేకుకి అలాగే వేలాడుతోంది. దాన్ని చూడకుండా ఉండాలని ఆయన గోడవైపు తిరిగి నుంచున్నాడు.

నిజానికి ఈ క్లాసు కావాలన్నది ఆయన భార్య రత్నం. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆవిడ నోరు తెరిచి అడిగినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "శనివారం పూట మనిద్దరం అలా వెళ్లొద్దామండీ," అంది, దసరాకి ముందు. పైడిరాజు సరేనన్నాడు. అని ఊరుకున్నాడా? మొదటిరోజే నోటుబుక్కూ, గ్రాములు చూపించే తూకం మిషనూ సంచిలో వేసుకుని బయల్దేరాడు! మందుల కంపెనీ ల్యాబులో పనిచేసే మనిషి మరి. రవ్వంత తేడా వస్తే ఆయనకి నిద్ర పట్టదు.

మొదటివారం పులిహోర. రత్నం ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టబోతే "ఆగాగు, తూచాలి," అన్నాడు. రెండోవారం దప్పళం. ఆవిడ తరిగిన గుమ్మడికాయ ముక్కలు చిన్నా పెద్దా ఉన్నాయని మళ్లీ తరిగాడు. రెండుసార్లూ అందరికంటే బాగా కుదిరింది ఏడో పొయ్యి మీదే. అందరూ మెచ్చుకున్నారు. రత్నం మాత్రం పులిహోరలో పల్లీలన్నీ ఏరి ఆకు అంచున పెట్టేసింది. ఎంత దోరగా వేయించాడని! ఒక్క మంచిమాట అనకపోగా ఏరి పారేస్తుందా అని ఆయనకి ఒళ్లు మండింది.

మూడోవారం "నాకు బాగులేదు, మీరెళ్లండి," అంది. ఈవారం ఆ మాట కూడా లేదు. తల అడ్డంగా ఊపింది, అంతే. కూతురు హాస్టల్లో చేరినప్పట్నుంచీ ఆ ఇంట్లో టీవీ తప్ప ఎవరూ మాట్లాడటం లేదు. ఆవిడ అడిగిన ఒక్క ముచ్చటా ఇలా అయిపోయింది. ఇక మళ్లీ ఏదీ అడగదేమోనని పైడిరాజుకి భయం పట్టుకుంది.

క్లాసు చెప్పేది సింగరాచార్యులు గారు. నలభై ఏళ్లు గుడి వంటశాలలో నైవేద్యం వండిన మనిషి. దేవుడికి పెట్టకముందు రుచి చూడకూడదు. వాసనైనా సోకకూడదని మూతికి గుడ్డ కట్టుకుని వండేవారాయన. ఇక్కడా అదే పద్ధతి. వండేటప్పుడు ఎవరూ గరిట నాకడానికి వీల్లేదు. అంతా అయ్యాక కింద ఆకులు వేసుకుని కలిసి తినాలి.

ఆరోజు కట్టుపొంగలి. ఏడో పొయ్యి మీద ఘుమఘుమలాడిపోతోంది. పైడిరాజు తిన్నగా ఆచార్యులు గారి దగ్గరికెళ్లాడు.

"స్వామీ, నా వంటలో ఒక్క తప్పు చెప్పండి."

"లేదు నాయనా."

"మరి మా ఆవిడ ఎందుకు రావటం లేదు?"

ఆచార్యులు గారు పక్క పొయ్యి మంట తగ్గించారు.

"పోనీ ఇదైనా చెప్పండి. నలభై ఏళ్లు రుచి చూడకుండా వండారు కదా. ఉప్పు సరిపోయిందో లేదో మీకెలా తెలిసేది? దాని లెక్కేంటి?" అంటూ నోటుబుక్కు తెరిచాడు.

ఆచార్యులు గారు ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుని, గరిట పెట్టారు.

"వడ్డించు," అన్నారు.

జంటలన్నీ వరసగా కూర్చున్నాయి. పైడిరాజు పొంగలి గిన్నె పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి వడ్డించుకుంటూ పోయాడు. ఒక్క మెతుకు కింద పడలేదు. అందరి ఆకుల్లోనూ కొలిచినట్టు ఒకే మోతాదు.

"ఉప్పు ఎవరికి చాల్లేదు?" అని అడిగారు ఆచార్యులు గారు.

"ఎవరూ అడగలేదు స్వామీ."

"అడిగితే ఎవడైనా వేస్తాడు. మళ్లీ వెళ్లు."

పైడిరాజు రెండోసారి నెమ్మదిగా నడిచాడు. ఈసారి గరిట మీంచి కళ్లు ఎత్తాడు. మూడో ఆకు దగ్గర కొత్త పెళ్లికూతురు రెండో ముద్దకి ఒక్క క్షణం ఆగింది. పక్కన ఆమె మొగుడు, ఎవరితోనో కబుర్లు చెబుతూనే, తన ఆకులో ఉప్పు ఆమె ఆకువైపు జరిపాడు. ఆ పిల్ల అడగనే లేదు. చివరి ఆకు దగ్గర ఒక పెద్దాయన తన భార్య ఆకులోంచి మిరియాలు ఏరి తను తినేస్తున్నాడు. ఆవిడ వద్దనటం లేదు.

పైడిరాజు గిన్నె పట్టుకుని తిరిగొచ్చాడు.

"ప్రసాదం పంచే చోట రోజూ నుంచునేవాణ్ణి నాయనా," అన్నారు ఆచార్యులు గారు. ఆయన కళ్లు ఇంకా తినేవాళ్ల మొహాల మీదే ఉన్నాయి.

పైడిరాజు అక్కడే కూలబడ్డాడు. మొదటి శనివారం పులిహోర తింటున్నప్పుడు రత్నం మొహం ఎలా ఉందో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. చింతపండు నలభై గ్రాములు గుర్తుంది. ఆకు అంచున పల్లీలు గుర్తున్నాయి. ఎంత తన్నుకున్నా ఆవిడ మొహం గుర్తురాలేదు. చుట్టూ ఇంతమంది ఉండగా, ఆయనకి లోకంలో తనొక్కడే మిగిలినట్టు అనిపించింది.

ఆయన ఆరోజు తినలేదు. మిగిలిన పొంగలి క్యారియర్లో పెట్టుకుని, తూకం మిషను సంగతే మర్చిపోయి, ఇంటికెళ్లాడు.

రత్నం సీరియల్ చూస్తోంది. "అక్కడ పెట్టేయండి, తర్వాత తింటాను," అంది.

పైడిరాజు రెండు కంచాలు తెచ్చి కింద పెట్టాడు. ఆవిడకి వడ్డించి ఎదురుగా కూర్చున్నాడు. ఎలా ఉందని అడగలేదు. రత్నం ఆశ్చర్యపోయి వచ్చి కూర్చుని, ముద్ద కలిపింది. జీడిపప్పు పలుకులు ఏరి కంచం అంచున పెట్టడం మొదలుపెట్టింది.

"ఏటండీ అలా చూస్తన్నారు?"

ఆయన చూస్తూనే ఉన్నాడు. ఆవిడ ఎడమ దవడే ఆడుతోంది. కుడి చెంప కాస్త వాచి ఉంది.

"కుడివైపు పన్ను నొప్పా?"

రత్నం చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఎన్నాళ్లనుంచి?"

పైడిరాజు చెయ్యి చాచి, ఆవిడ ఏరిపెట్టిన జీడిపప్పులు ఒక్కొక్కటే తన కంచంలో వేసుకున్నాడు.

"ఎంగిలండీ," అంది రత్నం.

ఆయన ఆపలేదు. అన్నీ తీసుకున్నాక, ఆవిడ తల వంచుకుని మెల్లిగా చెప్పింది.

"మామిడికాయల రోజుల్నుంచి."