జోడుపాలెం నురుగప్పం ఎవరిది?

జోడుపాలెం మరియమాత గుడికి వచ్చే యాత్రికులకు మొదట పెట్టేది నురుగప్పం. కోడిగుడ్ల తెల్లసొన గిలక్కొట్టి, పంచదార కలిపి, సన్నని సెగ మీద కాల్చి, పైన సీతాఫలం గుజ్జు వేసి ఇస్తారు. పైన పెళపెళలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. కడుపారా తినండి గానీ, దీన్ని ముందు ఎవరు చేశారని మాత్రం అడక్కండి. వాగుకు ఇవతల తూర్పుపాలెం వారు మాదంటారు, అవతల పడమటిపాలెం వారు మాదంటారు. అడిగినవారిని పొద్దుగూకినా వదలరు.

పూర్వం ఇక్కడ గుడి గోడలకు గచ్చు పూసే రోజుల్లో, నునుపు రావడానికి సున్నంలో తెల్లసొన కలిపేవారు. తూర్పుపాలెం కోడలు ఇన్నమ్మ తన ఇంటి గుడ్ల సొన గిలక్కొడుతూ, సున్నం పొడి అనుకుని గుడి పండుగకు దాచిన పంచదార పొడిని అందులో ఒంపేసింది. మేస్త్రీ నోటికి జడిసి ఆమె ఏడుస్తుంటే, పడమటిపాలెంలో కాపురమున్న అక్క జోజమ్మ ఆ నురుగును పళ్ళెంలో పోసి, తన పొయ్యి నిప్పుల మీద పెట్టి మూతవేసింది. మూత తీసేసరికి అప్పం తయారైంది. మేస్త్రీయే రెండోసారి అడిగి తిన్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. మెప్పు ఎవరిదన్న పట్టింపు వచ్చింది. "నా నిప్పు లేకపోతే నీ నురుగును కుక్క కూడా ముట్టదు" అని జోజమ్మ నోరు జారింది. ఊళ్ళు రెండూ రాకపోకలు మానేశాయి. పాపం, ఇన్నమ్మకు అప్పటికే నెలలు నిండుతున్నాయి. తల్లి లేని ఆ పిల్లకు పురుడు పోయవలసింది ఈ అక్కే. జోజమ్మకు ముద్ద దిగలేదు, అలాగని పంతమూ వదల్లేదు.

ఒక తెల్లవారుజామున మాత కలలో కనిపించి, "ఆకలేస్తోందమ్మా. ఆ అప్పంలో నీదేదో అది పట్రా" అన్నది. జోజమ్మ లేచి ఇల్లంతా కలయజూసింది. గుడ్లు చెల్లెలివి, నురుగు చెల్లెలిది, పంచదార గుడిది. తనదంటూ ఉన్నది పొయ్యిలో నిప్పే. ఒట్టి నిప్పు ఎవరి ఆకలి తీరుస్తుంది? సిగ్గుతో ఆమెకు ప్రాణం చచ్చిపోయినట్లయింది. ఆ నిప్పులే కుండపెంకులో ఎత్తుకుని, పెద్దల మాట కాదని వాగు దాటి, చెల్లెలి గుమ్మం ముందు నిలబడింది.

నొప్పులు మొదలై గోడ పట్టుకుని ఉన్న ఇన్నమ్మ ఆమెను చూసి, "నిప్పు ఆరిపోతుంది, లోపలికి రా అక్కా" అన్నది. ఆ నిప్పు మీదే బిడ్డకు నీళ్ళు కాగాయి.

నేటికీ మాత పండుగనాడు తూర్పుపాలెం ఆడవాళ్ళు నురుగు, పడమటిపాలెం ఆడవాళ్ళు నిప్పులు తెస్తారు. రెండూ చేరేదాకా దివ్యపూజ మొదలుకాదు. తగవు మాత్రం తీరలేదు, విచారణ గురువులు, అంటే ఈ గుడి ఫాదర్లు, అందులో వేలు పెట్టరు. మాటలు మానేసిన తోబుట్టువులు ఇక్కడ ఒకే పళ్ళెంలో అప్పం తింటే మాత దీవిస్తుందని నమ్మకం. వేరువేరుగా వచ్చినవారు ఒకే ఆటోలో తిరిగి వెళ్ళడం మేము ఏటా చూస్తూనే ఉన్నాం.