మాయలేడి గంతు

"సామీ, చూసేవాళ్లే లేని ఆట ఎవరికోసం ఆడాల?" అని తిప్పేస్వామి తన గురువు కేశోజీరావును అడిగాడు. ఆయనకో అలవాటు. ప్రశ్న అడిగినవాడి చేతిలో ఏదో ఒక తోలుబొమ్మ పెట్టి, తన పని తాను చూసుకుంటాడు.

శిష్యుడి గొంతులో కోపం కన్నా దుఃఖం ఎక్కువ. ఎందుకుండదు? ఏళ్ల తరబడి మేకతోళ్లు గీకి, రంగులద్ది, ఒళ్లు హూనం చేసుకుని నేర్చుకున్న విద్య. తీరా తెర ముందు కూర్చున్నవాళ్లు రాముడొచ్చినా రావణుడొచ్చినా తల ఎత్తరు. ఎవరి ఫోను వెలుగు వాళ్ల మొహాన. అదేం ఖర్మో, తిప్పేస్వామికి ఆ మొహాలు చూడకుండా ప్రాణం నిలవదు. బొమ్మను ఆడిస్తూనే తెర పక్క సందులోంచి తొంగి చూస్తాడు. తొంగి చూసినప్పుడల్లా చెయ్యి వెనక్కి జారుతుంది, బొమ్మ తెరను వదులుతుంది, అంతటి హనుమంతుడూ తెర మీద మసకబారిపోతాడు. ఆ మసకను మాత్రం వాడు ఎన్నడూ చూసిన పాపాన పోలేదు.

"సోమవారం నుంచి బెంగళూరులో పని కుదిరింది. ఈ పొద్దు కాలేజీలో ఆడే ఆటే నాకు ఆఖరు," అన్నాడు. హార్మోనియం తుడుస్తున్న లక్ష్మీబాయి, గురువుగారి భార్య, చెయ్యి ఆపేసింది. పిల్లల్లేని ఇల్లు అది. వీడు కూడా పోతే ఆ బొమ్మల పెట్టెను మళ్లీ తెరిచేవాడు ఉండడు.

కేశోజీరావు పెట్టెలోంచి మాయలేడిని తీసి ఇచ్చాడు. తిప్పేస్వామికి ఒళ్లు మండింది. హనుమంతుణ్ణి ఆడించేవాడికి లేడి బొమ్మా! నాలుగు గంతులు, ఒక బాణం, అంతే కదా.

"దీంట్లో ఏముంది సామీ?"

"రాముడి చేతిలో చస్తానని మారీచుడికి తెలుసు. తెలిసి కూడా అంత సొగసుగా ఎట్లా గంతులేసినాడప్పా? నాకు ఇన్నేళ్లకీ తేలలేదు. నువ్వన్నా చూసి చెప్పు."

మధ్యాహ్నం కాలేజీ హాలు కిటికీలకు దుప్పట్లు కట్టి, తెర వెనక దీపం పెట్టారు. లేడి బయల్దేరింది. మొదటి గంతులు ఎప్పటివే. ఆ తరువాత తిప్పేస్వామికి అనుమానం పుట్టింది. చావు వెంటపడుతుంటే కాలు ఇంత తేలిగ్గా లేస్తుందా? గంతు కాస్త తగ్గించాడు. అబ్బే, కుదరలేదు. బెదిరిన లేడి కోసం సీత ఎందుకు ముచ్చటపడుతుంది? మళ్లీ పెంచాడు. ఇప్పుడు సొగసుంది గానీ మారీచుడు లేడు. గంతుకూ గంతుకూ నడుమ లేడిని నిలిపి, మెడ వెనక్కి తిప్పాడు. ఆ చూపు రాముణ్ణి రమ్మంటున్నదో, రావద్దని వేడుకుంటున్నదో ఆడించేవాడికే అంతు చిక్కలేదు. బాణం పడవలసిన సమయం దాటిపోయింది. కేశోజీరావు రాముడి బొమ్మను చేతపట్టి, పద్యం ఆపేసి నిలబడ్డాడు. హార్మోనియం కూడా ఆగింది. లేడి తెరకు అతుక్కుని ఉంది. దాని ఒంటి మీది చిల్లులన్నిట్లోంచీ వెలుగు కారుతున్నది.

ఆట ముగిసి దుప్పట్లు విప్పుతుంటే లక్ష్మీబాయి ఉండబట్టలేక అడిగింది. "పిల్లోళ్లు ఎట్లా చూసినార్రా?"

తిప్పేస్వామి తెల్లమొహం వేశాడు. "ఏమోనమ్మా, నేను అటు చూడనేలేదు." లేడి ఇంకా వాడి చేతిలోనే ఉంది. గురువుగారి వైపు తిరిగాడు. "నాకూ తేలలేదు సామీ. చివరి గంతు తప్పు. మారీచుడు అట్లా దూకడు. వచ్చే ఆట ఎప్పుడు? లేడి నాకే కావాల."

"మరి బెంగళూరు?" అంది ఆమె.

"ఇది తేలేదాకా యాడికీ పోను."

కేశోజీరావు రాముణ్ణి పెట్టెలో పడుకోబెడుతూ, తల ఎత్తకుండానే అన్నాడు. "చూసేవాళ్లే లేరంటివి కదప్పా. నీలోనే ఒకడు దొరికినాడులే."