మంగకాయలు కలిసిన మడుగు

కాలు నా మీద వెయ్యకమ్మలూ, మోకాలు సలుపుతోంది. ఇటు తిరుగు, చెప్తాను.

అనగనగా కొండ కింద ఒక ఊళ్ళో ఒక వాగు ఉండేది. దానికి ఏడాదికి మూడు రకాల బతుకు. వానాకాలంలో ఎర్రగా, బురదగా వచ్చేది. బిందెలో చిల్లగింజ అరగదీస్తే గానీ తేరుకునేది కాదు. చలికాలంలో అడుగున రాళ్ళు కనబడేంత తేటగా పారేది, పరిగెపిల్లలు ఎదురీదేవి. ఎండాకాలం వస్తే పారడం మానేసి, ఒక్క మడుగై నిలిచిపోయేది. నీళ్ళు పచ్చబడేవి. మనుషులు, గొడ్లు, చేపలు, అందరికీ ఆ మడుగే దిక్కు.

ఆ ఊళ్ళో నూకాలని ఒకావిడ, ఆమె మొగుడు సోములు. మంచి ఎండల్లో వాళ్ళ కూతురు పురుటికొచ్చి ఆడపిల్లని కంది. పాలు సరిగ్గా పడలేదు. చంటిది మూడు రోజులుగా ఒకటే ఏడుపు.

"కొర్రమీను పులుసు పెడితే పాలు పడతాయే" అన్నాడు సోములు.

"అయితే గాలం వేసుకో."

"గాలానికి పొద్దంతా పోతుంది. మంగకాయలున్నాయిగా!"

మంగకాయలు దంచి నీళ్ళలో కలిపితే చేపలు మత్తెక్కి తేలతాయి. సోములు చిన్నప్పుడు చలికాలంలో వాళ్ళ నాన్నతో అలాగే పట్టేవాడు. పారే నీళ్ళు కనక ఆ విషం కొట్టుకుపోయేది. ఇప్పుడు నీళ్ళు నిలవ ఉన్నాయన్న సంగతి తట్టలేదు పాపం. చెవినిండా మనవరాలి ఏడుపే.

కలిపాడు. అప్పుడు పరిగెలు తేలాయి, జెల్లలు తేలాయి, కప్పపిల్లలు కూడా తేలాయి. కొర్రమీను మాత్రం పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి, మళ్ళీ బురదలోకి దూరింది.

ఆ తర్వాత నూకాలు బిందెతో వచ్చింది. మడుగు మీద నురగ చూసింది.

"ఏం పట్టావు?"

"ఏం పడలేదే."

"ఎందుకు పడలేదూ? ఊరందరి గొంతూ పట్టావు!"

అంతే అంది. తిట్టడానికైనా ఓపిక ఉండాలి కదమ్మా. సోములు తలొంచుకుని, మడుగు నీళ్ళు ముట్టుకోవద్దని ఇంటింటికీ చెప్పడానికి వెళ్ళాడు. ఆమె ఇసకలో చెలమ తవ్వింది. రాయి తగిలింది. ఇంకోటి తవ్వింది, మడుగు చేదే అందులోనూ ఊరింది. అప్పుడు వాగెంట పైకి, చాలా దూరం నడిచి మూడోది తవ్వింది. మోచెయ్యంత లోతున చెమ్మ తగిలింది.

ఒక చిప్ప ఊరేది. తోడేది. కూర్చునేది. మళ్ళీ ఒక చిప్ప. బిందె నిండేసరికి పొద్దు వాలింది.

ఎక్కువ తాగితే పడదని ఆ ఊళ్ళో బాలింతకి నీళ్ళు కొలిచి ఇచ్చేవారు. పూటకి అరచెంబు, అది కూడా కాచి. ఆ రోజు నూకాలుకి కాచి చల్లార్చే ఓపిక ఉంది గానీ, కొలిచే ఓపిక లేదు. బిందె కూతురి మంచం పక్కనే పెట్టేసి, గోడకి చేరగిలబడి నిద్రలోకి జారింది.

కూతురు వాళ్ళమ్మ వంక చూసింది. ఒక చెంబు ముంచుకుని తాగింది. ఇంకో చెంబు తాగింది. మూడో చెంబు కూడా తాగింది.

మర్నాడు సోములు గాలం భుజాన వేసుకుని బయల్దేరుతుంటే, ఇంట్లో ఏడుపు వినబడలేదు. గుమ్మంలోంచి తొంగి చూశాడు. చంటిది గుటకలేస్తోంది, పాలు మూతి పక్కన కారుతున్నాయి.

గాలం చూరులో దోపి, బిందె ఎత్తుకుని చెలమ దారి పట్టాడు.

కథ నడిచి నడిచి కంచికి చేరింది,
మన ఒళ్ళు వాలి వాలి మంచానికి చేరింది.