మాస్టారు వినని కేక

1987వ సంవత్సరం, ఎండాకాలం. జీడిపళ్ళు రాలుతున్న రోజులు. విశాఖపట్నానికి ఉత్తరంగా, సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బల మీద ఉన్న ఒక గోల్ఫ్ మైదానంలో వంశీధర్ అనే కుర్రవాడికి ఒక చిక్కు వచ్చిపడింది.

కలకత్తాలో జరిగే పెద్ద పోటీకి ఆ మైదానం నుంచి ఏటా ఒక్కరినే పంపుతారు. ఎవరిని పంపాలో తేల్చడానికి ఇద్దరి మధ్య ఒక ఆట పెడతారు. ఆ ఇద్దరూ ఎవరన్నది ఆట నేర్పే బెంజమిన్ మాస్టారు చెప్పాలి. పోర్టులో ఇంజినీరు అచ్యుతరామరాజు గారి పేరు ఆయన ముందే చెప్పేశారు. రెండో పేరు మాత్రం చెప్పడం లేదు.

మైదానంలో వంశీధర్ కంటే తిన్నగా బంతి కొట్టేవాడు లేడు. కర్రల సంచులు మోసే కేడీలు కూడా ఆ మాటే అనేవారు. వంశీధర్‌కు ఆ ఏడు దాటితే మరో అవకాశం లేదు. డిగ్రీ అయ్యాక వాళ్ళ నాన్న ఒక్క ఏడాది గడువిచ్చాడు. కలకత్తాలో గెలిచి పెద్ద జట్టు కంట పడితే సరే, లేకపోతే బుద్ధిగా బ్యాంకు పరీక్ష రాయాలి. అదీ ఒప్పందం.

అందుకని ఒకరోజు పొద్దున్నే మాస్టారి దగ్గరకు వెళ్ళి, తన పేరు ఎందుకు చెప్పలేదని అడిగాడు.

బెంజమిన్ మాస్టారికి డెబ్బై దాటాయి. ఒక మాట అడిగితే అర మాట చెప్పే మనిషి. బంతికి అంటిన మట్టిని తుండుగుడ్డతో తుడుస్తూ, తల ఎత్తకుండానే, "నీ కేక నేనింతవరకు వినలేదు," అన్నారు.

వంశీధర్‌కు నవ్వొచ్చింది. "వేసే అవసరం రాలేదు మాస్టారూ," అన్నాడు.

మాస్టారు బంతిని జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

కేక సంగతి కాస్త చెప్పాలి. గోల్ఫ్ బంతి చూడటానికి నిమ్మకాయంత ఉంటుంది గానీ, తగిలితే రాయి. కొట్టిన బంతి దారి తప్పి మనుషులున్న వైపు పోతే, కొట్టినవాడు వెంటనే గొంతెత్తి "ఫోర్" అని అరవాలి. ముందున్నవాళ్ళు జాగ్రత్తపడాలని దాని అర్థం. దేశమంతటా అదే కేక. ఈ మైదానంలో కూడా ఒకప్పుడు అదే ఉండేది.

అయితే ఇక్కడ కలుపు తీసే ఆడవాళ్ళంతా పక్కనున్న జాలరిపేట వాళ్ళు. వాళ్ళ పిల్లలు ఇసుకలో పొద్దస్తమానం క్రికెట్టు ఆడుతుంటారు. ఒకసారి ఎవరో దొర "ఫోర్" అని అరిస్తే, సన్యాసమ్మ అనే ఆమె గడ్డిలోంచి లేచి నిలబడి, నవ్వుతూ ఆకాశంలోకి చూసింది. నాలుగు పరుగులు కొట్టారనుకుంది. బంతి వచ్చి ముందు పళ్ళు రెండు రాల్చింది. రక్తం కడుక్కుంటూ కూడా ఆమె, "చెప్పినోరు సరిగా చెప్పాలి గదండి," అని మాత్రమే అంది.

ఆ మర్నాటి నుంచి మాస్టారు కేక మార్చేశారు. ఈ మైదానంలో బంతి దారి తప్పితే "తల" అని అరవాలి. ఆ మాట చెవిన పడగానే కలుపు తీసేవాళ్ళు పైకి చూడరు. ఉన్నచోటే కూలబడి తట్ట నెత్తిన బోర్లించుకుంటారు.

వంశీధర్‌కు ఆ కేక నచ్చేది కాదు. చదువుకున్నవాళ్ళు ఆడే చోట, బస్సు మీద మూటలు దించేవాడిలాగా "తల" అని అరవడమేమిటని అతని బాధ. పై ఊళ్ళ నుంచి వచ్చిన అతిథులు అది విని నవ్వుకోవడం అతను చూశాడు. ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని అతను ఎవరితోనూ అనలేదు. కేక వేయడమంటే, నేను వంకరగా కొట్టాను చూడండి అని పదిమందికీ చాటుకోవడమే.

నిజానికి అవసరం రాలేదని అతను చెప్పింది అబద్ధం. అంతకు వారం క్రితమే ఒక బంతి కర్ర అంచుకు తగిలి కుడివైపు జీడిచెట్ల మీదుగా పోయింది. ఆ చెట్ల కింద ఆడవాళ్ళు అంబలి తాగుతున్నారని అతనికి తెలుసు. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాడు. సముద్రపు గాలికి బంతి మళ్ళీ ఇటు తిరుగుతుందేమోనని ఆశ. తిరగలేదు. సత్తుగిన్నె మోగిన చప్పుడు వినిపించింది. మనుషులకేమీ కాలేదు. అంబలి మాత్రం ఇసుకపాలైంది. ఎవరూ చూడలేదనుకుని అతను జేబులోంచి ఇంకో బంతి తీసుకున్నాడు.

మాస్టారు చూశారా లేదా అన్నది అతనికి తెలియదు.

మాస్టారిని అడిగిన మర్నాడు వంశీధర్ వచ్చేసరికి మాస్టారు పేము కుర్చీ ఒకటి మోసుకుంటూ మైదానంలోకి నడుస్తున్నారు. బంతి కొట్టే చోటికి చాలా దూరాన, కుడివైపున, సరిగ్గా జీడిచెట్ల ముందు కుర్చీ వేసుకుని, ఇటు వీపు పెట్టి కూర్చున్నారు. తుండుగుడ్డ ఒళ్ళో పరుచుకుని జీడిపండు కొరకడం మొదలుపెట్టారు.

కేడీ ముసలయ్య వచ్చి చెప్పాడు. "కొట్టమన్నారు బాబూ."

వంశీధర్ బంతి పెట్టాడు. కర్ర ఎత్తాడు. కుడివైపు దూరాన తెల్ల చొక్కా, నెరిసిన తల వెనక భాగం కనిపిస్తున్నాయి. కర్ర దించాడు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ దించాడు. రోజూ కళ్ళు మూసుకుని కొట్టే దెబ్బే అది. చేతులు రాలేదు. ఎండ ఎక్కింది. మాస్టారు రెండో పండు అందుకున్నారు.

చివరికి వంశీధర్ కర్ర అక్కడ పడేసి ఆయన దగ్గరకు నడిచాడు.

"మీరిక్కడ కూర్చుంటే ఎలా కొట్టేది మాస్టారూ?"

"నీకు వంకర పోదు కదా."

"ఒకవేళ పోతే?"

"పోతే ఏం చేస్తావు?"

"ఫోర్ అని కేక వేస్తాను."

అక్కడే గడ్డిలో కలుపు పీకుతున్న సన్యాసమ్మ తల తిప్పకుండా, "అలాగైతే నేను లేచి చూస్తాను," అంది. పక్కనున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

వంశీధర్ మొహం ఎర్రబడింది. "సరే, తల అంటాను," అన్నాడు.

"అను," అన్నారు మాస్టారు.

అన్నాడు. తనకే వినిపించీ వినిపించనట్టు అన్నాడు.

"వెళ్ళి, కొట్టే చోటు నుంచి అను."

వంశీధర్ వెనక్కి వెళ్ళాడు. కానీ ఈలోగా క్లబ్బు అరుగు మీదకు ఎవరో అతిథులు వచ్చి టీ తాగుతున్నారు. వాళ్ళ వైపు ఒకసారి చూశాడు. నోరు పెగలలేదు. పోనీ అని బంతిని మెల్లగా, పది గజాలకు మించి పోకుండా తట్టాడు. అలా ఎంతసేపు తట్టాడో. మాస్టారు లేచి, కుర్చీ చంకన పెట్టుకుని, అతన్ని దాటిపోతూ ఒక్క క్షణం ఆగారు.

"కలుపు తీసేవాళ్ళ వీపుకు కళ్ళుండవు, వంశీ," అన్నారు.

ఆ సాయంత్రం రెండో పేరు చెప్పారు. వంశీధర్ పేరే. ఎందుకు చెప్పారని క్లబ్బు కార్యదర్శి అడిగితే, వింటానేమో చూద్దామని అన్నారట.

ఆట ఆదివారం జరిగింది. అచ్యుతరామరాజు గారు నలభై దాటిన మనిషి, ముక్కు మీద కోపం. కానీ ఆట మర్యాద బాగా తెలిసినవారు. ఎదుటివాడు కొడుతుంటే తన నీడ కూడా బంతి మీద పడనివ్వరు, తనకూ అదే జరగాలంటారు. తాను కొట్టేటప్పుడు దగ్గాడని ఒక కేడీ చేత సంచి దింపించి పంపేశారని చెప్పుకుంటారు.

ఇద్దరూ సమంగా నడిచారు. జెండా కింది గుంటలో తక్కువ దెబ్బలకు బంతి వేసినవాడిదే ఆ జెండా. ఒక జెండా దగ్గర ఆయన గెలిస్తే ఇంకో జెండా దగ్గర ఇతను. చివరి జెండా దగ్గరకు వచ్చేసరికి లెక్క సమానం. ఇద్దరి బంతులూ సమాన దెబ్బల్లోనే జెండా చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి మీదకు చేరాయి. వంశీధర్ బంతి గుంటకు మూరెడు దూరంలో ఉంది. చంటిపిల్లవాడు నెట్టినా పడుతుంది. రాజు గారి బంతి అంతకు రెండింతలకు పైగా దూరాన ఉంది. దూరంగా ఉన్నవాడు ముందు కొట్టాలి. ఆయనది గుంటలో పడకపోతే కలకత్తా వంశీధర్‌దే.

రాజు గారు వంగారు. చుట్టూ చూడవచ్చినవాళ్ళు ఊపిరి బిగబట్టారు. వంశీధర్ పక్కకు తప్పుకుని, కదలకుండా, చూపు దూరంగా పెట్టి నిలబడ్డాడు. మర్యాద అది.

చూపు దూరంగా పెట్టబట్టే అతనికి కనిపించింది. పక్క జెండాకు పోయే దారిలో ఎవరో అతిథి పెద్ద కర్రతో కొట్టి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, నోరు మెదపకుండా చూస్తూ నిలబడి ఉన్నాడు. ఆ నిలబడటం వంశీధర్‌కు తెలుసు. బంతి ఇటు తిరుగుతుందేమోనని చూస్తున్న నిలబడటం అది. బంతి తిరగలేదు. అది దిగుతున్న వైపు సన్యాసమ్మ అటు తిరిగి, వంగి, కలుపు పీకుతోంది.

రాజు గారి కర్ర వెనక్కి వెళ్ళింది.

"తల!"

ఆ కేకకు అరుగు మీద టీ తాగుతున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. అంత గొంతు అతనిలో ఉందని ఎవరికీ తెలియదు, అతనికీ తెలియదు. దూరాన సన్యాసమ్మ వెనక్కి చూడలేదు, పైకి చూడలేదు. కూలబడి తట్ట బోర్లించుకుంది. మరుక్షణం తట్ట మీద బంతి పడి ఎగిరి జీడిచెట్లలోకి పోయింది.

ఇక్కడ రాజు గారి చెయ్యి అదిరింది. ఆయన బంతి గుంట పక్కనుంచి దాటిపోయి అడుగు దూరంలో ఆగింది.

రాజు గారు మెల్లగా నడుం ఎత్తి, "ఏమయ్యా, నా బంతి పడకూడదని అంత కోరికగా ఉందా?" అన్నారు. ఆయన వీపు అటు ఉంది. ఏం జరిగిందో ఆయన చూడలేదు.

వంశీధర్ చెప్పుకోలేదు. దూరం నుంచి సన్యాసమ్మ చెప్పింది. తట్ట తీసి, చిల్లు చూసుకుని, ఇటు తిరిగి ముందు పళ్ళు లేని నోటితో గట్టిగా అరిచింది. "ఎవుల్దండీ ఆ గొంతు? మా బాబుదేనేటి? ఇన్నాళ్ళూ మూగోడనుకున్నానండి!"

రాజు గారు ఆమెను చూశారు. చిల్లుపడ్డ తట్టను చూశారు. టోపీ తీసి తల తుడుచుకున్నారు. "కొట్టు నాయనా. నీదే కదా ఇంక," అన్నారు.

మూరెడు దూరం. వంశీధర్ వంగాడు. కర్రతో బంతిని మెల్లగా తట్టాడు. గుంట వైపు కాదు. పక్కకు. బంతి నింపాదిగా దొర్లి, రాజు గారి బంతి పక్కకు వెళ్ళి ఆగింది.

తర్వాతి దెబ్బకు ఇద్దరూ గుంటలో వేశారు, లెక్క మళ్ళీ సమానమైంది. ఆట తేలాలి కాబట్టి ఇంకో జెండా ఆడించారు. అప్పటికి సముద్రపు గాలి లేచింది.

అంతా అయ్యాక అరుగు వెనక కుళాయి దగ్గర వంశీధర్ నీళ్ళు తాగుతుంటే మాస్టారు వచ్చారు. కుర్రవాడి గొంతు బొంగురుపోయి ఉంది.

"విన్నాను," అన్నారు మాస్టారు.

ఆ ఏడు కలకత్తాకు అచ్యుతరామరాజు గారు వెళ్ళారు. వంశీధర్ శ్రావణ మాసంలో బ్యాంకు పరీక్ష రాశాడు.