వంటింటి తూముకు పసుపు పరీక్ష

కొండవెల్లి రాజు పెద కేశరాజు గారి ముద్దపప్పులో మూడోసారి చుక్క పడింది. ఆయన విస్తరి ముందు నుంచి లేవకుండానే ఆజ్ఞ ఇచ్చారు. రేపు మధ్యాహ్నం మామగారు భోజనానికి వస్తున్నారు. ఆలోగా ఆ చుక్కను ఆపినవాళ్లకు తన చేతి కంకణం. దానికి కారణమైనవాళ్లకు కోట బయటికి దారి.

చుక్క ఎక్కడిదో చెప్పాలి. పొగ పైకి పోతుంది కదా అని రాజుగారి తాతగారు వంటిల్లు మేడమీద, సరిగ్గా భోజనశాల నెత్తిన కట్టించారు. నీళ్లు కిందికి వస్తాయన్న సంగతి ఆయనకు తోచలేదు. తాతల పనులు అలాగే ఉంటాయి. మా తాత కట్టించిన ఇంట్లో మేడమెట్లు ఉండేవి, మేడ ఉండేది కాదు. సరే, వంటింటి నీళ్లు పోవడానికి మట్టి గొట్టాలు ఒకదానిలో ఒకటి దూర్చి గోడలో తూము పెట్టారు. ఎనభై ఏళ్లకు అది ఎక్కడో వదులైంది.

కోట మరమ్మతుల పెద్ద సింగనాచార్యులు నెల రోజులుగా దాన్ని బాగుచేస్తూనే ఉన్నారు. చుక్క పడ్డచోట కింద నుంచి బంకమట్టి పూత పూస్తారు. మర్నాడు అది మూరెడు అవతల పడుతుంది. రాజుగారు పీట జరుపుకుంటారు. అలా జరిగి జరిగి రాజుగారు గుమ్మం దాకా, మంత్రిగారు వసారాలోకి వచ్చేశారు.

ఆజ్ఞ వినగానే ఆచార్యులు నేరం వంటావిడ వెంగమాంబ మీద పెట్టారు. ఆవిడ సలసల కాగే గంజి తూములో పోస్తోందనీ, ఆ వేడికి గొట్టాలు పగులుతున్నాయనీ, ఆవిడను పంపేస్తే అంతా సర్దుకుంటుందనీ విన్నవించారు. వెంగమాంబ ముప్పై ఏళ్లుగా ఆ పొయ్యి దగ్గరే ఉంది. కోట బయట ఆవిడకు నా అన్నవాళ్లు లేరు. గంజి బొట్టు కూడా తూములో పొయ్యననీ, అదంతా ఆవుల కుడితిలోకే పోతుందనీ మేడమెట్ల మీంచే చెప్పుకుంది. మడి కట్టుకుని ఉంది కనుక దిగి రాలేదు. 

రాజుగారి పక్కన తాంబూలం పెట్టె పట్టుకుని నిలబడే తిప్పన ఆ మాట విన్నాడు. మెల్లగా ఆచార్యుల దగ్గరికి వచ్చాడు.

"లోపలి అతుకులకు కూడా సున్నం పెట్టారా అండీ?"

"ఆకులు చుట్టేవాడివి, నీకెందుకోయ్ అతుకుల సంగతి? ఒక్కటీ వదల్లేదు. నిన్ననే వంటింట్లోకి వెళ్లి, తూము పలక ఎత్తి, బెత్తెడు మందాన పచ్చి సున్నం దట్టించాను. నా సున్నాన్ని ఒరుసుకోకుండా ఒక్క చుక్క కిందికి దిగదు."

"అయితే ఆవిడ నేరం ఇప్పుడే రుజువైపోతుంది. మీ ఉత్తరీయం ఒకసారి ఇప్పించండి."

ఆచార్యులు గర్వంగా తీసిచ్చారు. కొత్తది, మల్లెపువ్వులా ఉంది. తిప్పన దాన్ని చుక్క పడేచోట పరిచి, బిందెడు పసుపునీళ్లు తూములో పొయ్యమని వెంగమాంబకు కేకేశాడు. పంక్తంతా చుట్టూ చేరి నోళ్లు తెరుచుకుని కప్పుకేసి చూసింది. చుక్క పడేచోట నోరు తెరిచి పైకి చూడటం తెలివైన పని కాదని మంత్రిగారికి ముందుగా తెలిసింది. ఆయన మూతి తుడుచుకుంటుండగా తక్కిన చుక్కలు ఉత్తరీయం మీద పడ్డాయి. నికార్సయిన పసుపు.

గొట్టం పగిలిన మాట నిజమేనని తేలిందిగా అన్నారు ఆచార్యులు.  తిప్పన తాంబూలం పెట్టె తెరిచి, వేలికొసతో సున్నం తీసి, ఒక పసుపు మరక మీద రాశాడు. మరక ఎర్రగా కుంకుమైంది. మా కాలేజీలో దీనికి పెద్ద పేరేదో చెప్పారు, పరీక్షలో నాకు గుర్తు రాలేదు. కాళ్లకు పారాణి పెట్టుకునే ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది.

"సున్నం తగిలితే పసుపు ఎర్రబడి తీరుతుంది ప్రభూ. ఇది మేడమీంచి ఇంతదూరం దిగినా రంగు మారలేదు. పాపం, ఆచార్యులవారి బెత్తెడు సున్నం దీనికి దారిలో ఎక్కడా ఎదురుపడలేదు."

రాజుగారు ఆచార్యులకేసి చూశారు. ఆచార్యులు నేలకేసి చూశారు. చివరికి అసలు సంగతి బయటపడింది. బావి దగ్గర తలస్నానం చేసి, తడిబట్ట కట్టుకుంటేగాని వెంగమాంబ ఎవరినీ వంటింటి గడప దాటనివ్వదు. మార్గశిర మాసపు చలి. ఆచార్యులు రోజూ బావి దాకా వెళ్లి, నీళ్లలో వేలు పెట్టి, వెనక్కి వచ్చేస్తున్నారు.

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వులో చెయ్యి తగిలి నెయ్యిగిన్నె తిరగబడింది. అప్పటికప్పుడు ఆచార్యుల నెత్తిన నాలుగు చేదల నీళ్లు పోయించి మేడమీదికి పంపారు. తూము నోటికి మూరెడు కింద ఒకే ఒక్క అతుకు నోరు తెరుచుకుని ఉంది. ఆచార్యుల పళ్లు టకటక కొట్టుకోవడం, "ఇంకాస్త దట్టించు నాయనా, రేపు రాజుగారి మామగారొస్తున్నారు" అని వెంగమాంబ అనడం కిందికి వినిపించాయి.

ఆవిడ ఇంకో బిందెడు పసుపునీళ్లు పోసింది. భోజనశాలలో ఒక్క చుక్క లేదు. తిప్పన పెరట్లోకి పరుగెత్తి, అరటిచెట్ల దగ్గర తూము వదిలే నీళ్లు పళ్లెంలో పట్టి తెచ్చాడు.

ఎర్రటి నీళ్లు.

"ఇప్పుడు సున్నం ఎదురుపడింది ప్రభూ."

రాజుగారు కంకణం తీసి తిప్పన చేతికి తొడిగారు. పీట మళ్లీ నడిమధ్యకు వేయించుకున్నారు. ఎర్రనీళ్లు ఎలాగూ సిద్ధమయ్యాయి కనుక, ఇంత పనిమంతుడైన ఆచార్యులకు దిష్టి తగలకుండా తీసెయ్యమని వెంగమాంబతో చెప్పారు. ఆవిడ మడి పక్కనపెట్టి ఆచార్యుల వెనకే దిగివచ్చి, పళ్లెం అందుకుని మూడుసార్లు తిప్పింది. మూడోసారికి ఆచార్యులు తుమ్మిన తుమ్ముకు పళ్లెంలో నీళ్లన్నీ వెళ్లి మంత్రిగారి మీద పడ్డాయి.