నోరు మూసుకుని గెలిచిన నాంచారమ్మ

ఒరేయ్ గవర్రాజూ, ఆ దుప్పటి చెల్లికి కూడా కప్పరా, అంతా నువ్వే చుట్టుకుంటే ఎలా? ఆఁ, అలాగ. అనగనగనగా, మీ తాతయ్యక్కూడా తెలియనంత అనగనగా, ఒక ఊళ్ళో నాంచారమ్మ అని ఓ కోడలు ఉండేది. మా చెడ్డ మాటకారి. పప్పు కడుగుతూ పప్పుతో మాట్లాడేది, పాలు పితుకుతూ గేదెతో మాట్లాడేది, గేదె గడ్డి మేస్తుంటే ఆ గడ్డిని పరామర్శించేది. వాళ్ళత్త తిరుపతమ్మ, ఈ నోటికి తాళం వేద్దామంటే సరిపడే తాళం ఏ కమ్మరీ చెయ్యలేదే అని సణిగేది. మొగుడు భద్రయ్య పెళ్ళిళ్ళలో డోలు వాయించేవాడు. ఆయన నోట్లో మాట ఉండేది కాదు, ఏం చెప్పినా డోలే చెప్పాలి. ఊ కొడుతున్నారా? కొట్టకపోతే ఆపేస్తాను, నాకేం పోయింది!

సరే. ఓ పెళ్ళిలో మంత్రాల మధ్యలో పంతులుగారికి పొలమారింది. దగ్గే దగ్గు. మంత్రం ఆగింది, డోలు ఆగింది, పందిట్లో అందరూ మొహామొహాలు చూసుకుంటున్నారు. మొగుడికి అన్నం క్యారేజీ తెచ్చిన నాంచారమ్మ అక్కడే ఉంది. ఊరుకుంటుందా? ఆడపెళ్ళివారి గారె చిల్లులోంచి చూస్తే మగపెళ్ళివారి పెద్దాయన మీసం ఎంతవరకూ కనబడుతుందో చెప్పడం మొదలెట్టింది. పందిరి పందిరంతా ఒకటే నవ్వు. ఆ నవ్వులో పంతులుగారి దగ్గు కూడా కొట్టుకుపోయింది.

అక్కణ్ణించి చూడు దాని దశ. బిందెలో ఉంగరం తీయించాలంటే నాంచారమ్మే, బంతులాట ఆడించాలంటే నాంచారమ్మే, వియ్యపురాళ్ళ మీద పాట కట్టాలన్నా, అలిగిన అల్లుణ్ణి అలకపాన్పు దింపాలన్నా నాంచారమ్మే. బాజా మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళు డోలు సంగతి తర్వాత, ముందు మీ ఆవిడ వస్తుందా అని అడిగేవారు. అత్తగారు సణుగుతూనే ఉండేది. సణుగుతూనే కోడలికి పెట్టిన చీరలన్నీ తనే కట్టేది.

ఇలా ఉండగా ఆ దేశపు రాజుగారి కూతురి పెళ్ళి వచ్చింది. పిల్ల పేరు రత్నాంగి, పిల్లాడి పేరు మణిధరుడు. కొత్త జంట గడప దాటబోతే ఆడపడుచు అడ్డం నిలబడి పేర్లు చెప్పమంటుంది కదా? మీ పిన్ని పెళ్ళిలో చూళ్ళేదూ, పేరు చెప్పమంటే మెడ విరిగిందేమో అన్నంత తల దించేసింది! రత్నాంగీ అంతే. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఇంకొక్క క్షణం ఆగితే వచ్చేదే. నాంచారమ్మ ఆగితేనా? "రత్నానికి జోడు మణి, రత్నాంగికి మణిధరుడు!" అనేసి ఇద్దర్నీ లోపలికి తోసేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. రత్నాంగి మాత్రం లోపలికెళ్ళి గోడవైపు తిరిగి ఏడిచింది. పాపం, ఆ పేరు ఎలా చెప్పాలా అని అద్దం ముందు ఎన్నాళ్ళు చెప్పుకుందో!

రాజుగారికి మండిపోయింది. పెళ్ళి నా కూతురిదా నీదా అన్నాడు. ఇకమీద ఏ పెళ్ళిలోనైనా పెదవి విప్పావంటే నీ మొగుడి డోలు పగలగొట్టిస్తానన్నాడు. డోలు పోతే ఇంకేముందర్రా, కూడూ పోయినట్టే. నాంచారమ్మ ఇంటికొచ్చి వలవలా ఏడిచింది. తిరుపతమ్మ అయ్యో అందా? పోన్లే, పొయ్యి ఊదడానికి పనికొస్తుంది ఆ నోరు, అంది.

ఊ ఏదీ? ఆఁ, ఇప్పుడు దయ్యం వస్తుంది. భయమైతే నా చెయ్యి పట్టుకోండి, గిల్లకండి.

ఓ రోజు మిట్టమధ్యాహ్నం నాంచారమ్మ తాటితోపులో పుల్లలేరుకుంటోంది. మిట్టమధ్యాహ్నం అటు వెళ్ళకూడదని చెప్తే మీరు వింటారా, అదీ వినలేదు. తలపాగా ముందుకి, పాదాలు వెనక్కి తిరిగిన పెద్ద దయ్యం ఒకటి వచ్చి, మా తోపు కుర్రాడి పెళ్ళి, నువ్వు రావాలంది. ఈవిడ పెదవులు బిగబట్టి, కోట వైపు చూపించి, డోలు వాయిస్తున్నట్టు చేతులాడించింది. మీ రాజు మాట మాకెందుకని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది దయ్యం.

అక్కడ పెళ్ళయిపోయింది. జంట గడప దగ్గర నిలబడిపోయింది. పెళ్ళికూతురు సూరీడమ్మ తన వంతు ఏం చెబుతుంది? పెళ్ళికొడుక్కి వాడి పేరే గుర్తులేదు! ఆడపడుచు వరసకి నిలబెట్టిన దయ్యం గుమ్మానికి అడ్డం. పేరు చెప్పందే గడప దాటరు, గడప దాటందే బంతి వెయ్యరు, బంతి వెయ్యందే ఆకలి తీరదు, ఆకలి తీరకపోతే ఎదురుగా ఎవరుంటే వాళ్ళే విస్తట్లోకి! ఎదురుగా ఉన్నది నాంచారమ్మ.

దాని నాలుక దురద పెట్టేస్తోంది. ఏదో ఒక పేరు అంటించేద్దామనిపించింది. కానీ డోలు గుర్తొచ్చింది, రత్నాంగి ఏడుపు గుర్తొచ్చింది. పెదవి విప్పకుండా చెయ్యగలిగింది ఒక్కటే. మీరు ఇప్పుడు చేస్తున్నారే, అదే. ఊఁ అంది.

చచ్చినవాణ్ణి ఎవరు పిలుస్తారమ్మా అన్నాడు పెళ్ళికొడుకు. ఊఁ అంది. నా పేరెత్తితే ఏడుపొస్తుందని ఇంట్లోవాళ్ళు ఎత్తడమే మానేశారన్నాడు. ఊఁ అంది. గొర్రెలు కాసిన సంగతి చెప్పాడు, దొంగమామిడికాయలు కోసి చెట్టుమీంచి పడ్డ సంగతి చెప్పాడు. అన్నిటికీ ఊఁ, ఊఁ. మా అమ్మ చేపలపులుసు కాచి పెరటి గుమ్మంలోంచి కేకేసేదన్నాడు. ఊఁ?

"ఒరేయ్ కోటిలింగం, చల్లారిపోతోందిరా, అనేది."

అనేసి నోరు తెరుచుకుని ఉండిపోయాడు. సూరీడమ్మ కోటిలింగం అంది, కోటిలింగం సూరీడమ్మ అన్నాడు, ఆడపడుచు తప్పుకుంది, దయ్యాలన్నీ బంతికి పరిగెత్తాయి. నాంచారమ్మ పైటచెంగుతో కళ్ళొత్తుకుంది. ఇన్నాళ్ళూ అందర్నీ నవ్వించాననుకున్నాను గానీ ఒక్కర్నీ మాట్లాడనివ్వలేదే అని దానికప్పుడు తెలిసింది.

బంతిలో పులుసైనా తినకుండా తిన్నగా కోటకి పోయింది. అక్కడ చూస్తే ఏముంది? పెళ్ళయినా రత్నాంగీ మణిధరుడూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. అతనే ముందు పిలవాలని ఈ పిల్ల, ఈ పిల్లే ముందు పిలవాలని అతను, ఇద్దరికీ బిడియం. అతనికి చారు కావాలంటే దాసికి చెబుతాడు, దాసి వంటమనిషికి, వంటమనిషి రత్నాంగికి చెప్పేసరికి అతను మజ్జిగలోకి వచ్చేస్తాడు. రాజుగారికి తిండి సయించడం లేదు.

నాంచారమ్మ మాట్లాడలేదు. వాళ్ళ గది గడప మీద చేతులు చాచి అడ్డం నిలబడింది. రాజు కళ్ళెర్రజేశాడు. భటుడు డోలు కోసం బయల్దేరాడు. రత్నాంగి తల దించుకుంది, పెదవులు కదిపింది. నాంచారమ్మ ఆగింది. చాలాసేపు ఆగింది. ఊఁ అంది.

"మణిధరుడుగారు," అంది పిల్ల. అంతటితో ఆగలేదు, పెళ్ళిచూపుల్లో నన్ను చూసి తుమ్మారు, అప్పుడే నచ్చారు అని కూడా చెప్పేసింది. నీ మెడమీది గంధానికి తుమ్మాను రత్నాంగీ అన్నాడతను. ఇక చూడు, ఇద్దరూ గడపమీదే కూలబడి ఒకటే కబుర్లు. రాజుగారు ఏడుస్తూ నవ్వుతూ, నాంచారమ్మా, ఇంక నోరు తెరువు తల్లీ అన్నాడు.

"అన్నాలు చల్లారిపోతున్నాయి మహారాజా," అంది నాంచారమ్మ.

ఆ తర్వాత దానికి పిలుపులు రెట్టింపయ్యాయి. ఒక మాట తను అనేది, పది మాటలు పెళ్ళివారి చేత అనిపించేది. ఇంటికొచ్చి అత్తగారి దగ్గర కూర్చుని ఊఁ అంటే, తిరుపతమ్మ తన పెళ్ళినాటి కబుర్లు మొదలెట్టి పొయ్యిమీద పప్పు మాడ్చేసింది. చూడబోతే కోడల్ని మించిన మాటకారి! ఇన్నేళ్ళూ ఆవిడకి ఊ కొట్టే దిక్కు లేకపోయింది, అంతే.

అందుకేనర్రా, మాట్లాడేవాడి గొప్ప సగం, ఊ కొట్టేవాడి గొప్ప సగం. కథేమో కంచి బండెక్కేసింది, మనం ఇక దుప్పట్లో దూరదాం. ఊ కొడుతున్నారా? ఒరేయ్? నిద్రపోయారూ? మరి ఇందాకట్నించీ ఊఁ అంటున్నదెవరు?

ఓహో, మీరా! పక్కమంచం మీంచి. చెవి వినబడదంటారు, పొద్దున్నించీ పిలిస్తే పలకరు, కథకి మాత్రం ఊఁ!

సర్లెండి, పడుకోండి. రేపు మీరు చెబుదురుగాని, నేను ఊ కొడతాను.